కొండలో దాచిన పడవలు

పడవ గురించి ఎవరు చెప్పినా ప్రయాణం గురించే చెబుతారు. ఎక్కడికి వెళ్లింది, ఏం తెచ్చింది, ఏ తుఫానులో చిక్కుకుంది అని. కానీ ఏ పడవా ఏడాది పొడుగునా నీటిమీదే ఉండదు. పని లేని నెలల్లో దాన్ని ఎక్కడ పెట్టాలి? ఎండకు చెక్క పగలకుండా, దొంగల చేతిలో పడకుండా, మళ్లీ కావలసిన రోజుకి సిద్ధంగా ఉండేట్టు ఎట్లా చూసుకోవాలి? మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట ఆపేస్తారు. ఆ రోజుల్లో ఏ రేవుకి వెళ్లినా పడవలు ఒడ్డున ఉంటాయి. ఒకచోట పాత చెక్క తీసి కొత్త చెక్క వేస్తుంటారు, ఇంకోచోట రంగు వేస్తుంటారు, నీడన కూర్చుని వలలు బాగుచేసుకుంటుంటారు. ఈ రెండు నెలల పని సరిగ్గా జరిగితేనే తరవాతి వేట సరిగ్గా జరుగుతుంది.

ఇదే చిక్కు సుమారు 4,500 ఏళ్ల కిందట ఈజిప్టువాళ్లకీ వచ్చింది. వాళ్లు కొండను తొలిచి, పడవలను విప్పి, ఆ ముక్కలను కొండ లోపల దాచారు. ఆ దాపుడు గుహల దగ్గరే ఇంకో గొప్ప సంగతి కూడా బయటపడింది. గిజాలోని మహా పిరమిడ్‌కి రాళ్లు మోసిన ఒక పడవల మేస్త్రీ రాయించిన రోజువారీ చిట్టా అది. రాజుల సమాధుల్లో దొరకని సంగతి పడవల కొట్టంలో దొరికిందన్నమాట.

సముద్రం అవసరం ఎందుకొచ్చింది?

ఈజిప్టు అంటే నైలు నది. జనం, పొలాలు, ఊళ్లు అన్నీ ఆ నది పక్కనే. ఎర్ర సముద్రానికీ నైలుకీ మధ్య కొండలు, ఎడారి అడ్డం. మంచినీళ్లు దొరకని ఆ సముద్రపు ఒడ్డున కాపురం ఉండటం కష్టం. మరి అంత దూరం ఎందుకు పోయారు?

రాగి కోసం. పిరమిడ్లు కట్టిన కాలంలో ఈజిప్టువాళ్లకి ఇనుప పనిముట్లు లేవు. సున్నపురాయిని చెక్కడానికి రాగి ఉలులు వాడేవారు. రాయి మీద కొడుతుంటే రాగి తొందరగా అరిగిపోతుంది, మళ్లీ మళ్లీ సాన పెట్టాలి, మళ్లీ మళ్లీ కొత్త రాగి కావాలి. లక్షల రాళ్లు చెక్కాలంటే ఎంత రాగి కావాలో ఊహించుకోవచ్చు. ఆ రాగి ఖనిజం, దానితోపాటు నగలకి వాడే నీలిపచ్చ రంగు టర్కోయిజ్ రాయి, సూయెజ్ సింధుశాఖకి అవతల సినాయి కొండల్లో దొరికేవి. సింధుశాఖ దాటాలంటే పడవ కావాలి.

పడవ కావాలంటే కలప కావాలి. అక్కడే అసలు ఇబ్బంది. ఈజిప్టులో పెద్ద పలకలిచ్చే చెట్లు తక్కువ. తుమ్మ, అత్తి జాతి చెట్ల కలప పొట్టి పొట్టిగా ఉంటుంది. మంచి దేవదారు కలపను మధ్యధరా సముద్రం మీదుగా లెబనాన్ నుంచి తెప్పించుకోవాలి. ఖూఫూ తండ్రి స్నెఫెరు రాజు 40 ఓడల నిండా కలప తెప్పించాడని పలెర్మో శిల అనే పాత శాసనంలో ఉంది. రాజుగారి ఘనకార్యాల జాబితాలో కలప తెప్పించడాన్ని కూడా రాయించుకున్నారంటే ఆ కాలంలో కలప విలువ ఎంతో మనకి అర్థమవుతుంది.

ఇంత కష్టపడి తెచ్చిన కలపతో నైలు దగ్గర పడవ కట్టి, దాన్ని ముక్కలుగా విప్పి, ఎడారి లోయల గుండా మోసుకెళ్లి, సముద్రపు ఒడ్డున మళ్లీ బిగించేవారు. రాగి తెచ్చాక ఆ పడవను ఏం చెయ్యాలి? ఒడ్డున వదిలేస్తే ఎండకి పలకలు నెర్రెలిస్తాయి. దోచుకోవచ్చు, పొయ్యిలో పెట్టుకోవచ్చు. నీళ్లలోనే వదిలేస్తే చెక్కను తొలిచే సముద్రపు పురుగు తినేస్తుంది. మళ్లీ నైలుకి మోసుకెళ్దామంటే, వచ్చే యాత్రకి మళ్లీ అంత దూరం మోసుకురావాలి. ఇన్నిటికీ కలిపి వాళ్లు కనిపెట్టిన ఉపాయమే కొండ గుహ.

వాడీ అల్ జర్ఫ్

ఆ గుహలున్న చోటుని ఇప్పుడు వాడీ అల్ జర్ఫ్ అంటారు. సూయెజ్ పట్టణానికి దక్షిణంగా సుమారు 120 కిలోమీటర్ల దూరంలో, ఎర్ర సముద్రపు పడమటి ఒడ్డున ఉంది. వాడీ అంటే అరబ్బీలో లోయ, వాగు అని అర్థం. 1823లో విల్కిన్సన్ అనే ఆంగ్ల పండితుడు ఈ గుహలను చూశాడు. కానీ అవి దేనికో ఆ కాలంలో తేలలేదు. 1950ల్లో ఇద్దరు ఫ్రెంచివాళ్లు మళ్లీ వెతికారు. 1956లో సూయెజ్ యుద్ధం రావడంతో ఆ పని ఆగిపోయింది. చివరికి 2011లో పియర్ తాలే అనే ఫ్రెంచి పురావస్తు శాస్త్రవేత్త బృందం తవ్వకాలు మొదలుపెట్టింది.

అక్కడి ఏర్పాటు చూస్తే ఒక పెద్ద పనిశాల లాగా ఉంటుంది. సముద్రంలోకి రాళ్లతో కట్టిన గట్టు ఒకటుంది. ఒడ్డు నుంచి తిన్నగా కొంత దూరం పోయి, అక్కడ మలుపు తిరుగుతుంది. ఇప్పుడది చాలావరకు నీళ్లలో మునిగి ఉంది. అలలు నేరుగా తగలకుండా పడవలు ఆగడానికి ఆ గట్టు. ఇప్పటిదాకా తెలిసిన సముద్రపు రేవుల్లో ఇదే అతి పాతదని చెబుతారు. గట్టు చాటున నీళ్లలో 22 రాతి లంగరులు పడినచోటే దొరికాయి. ఒడ్డు దగ్గర రెండు కట్టడాల మధ్య మరో 99 లంగరులు వరసగా దాచిపెట్టి ఉన్నాయి. వాటిలో కొన్నిటిమీద పడవల పేర్లు రాసి ఉన్నాయి. ఏ లంగరు ఏ పడవదో తగాదా రాకుండా ఉండటానికి కాబోలు.

గుహలు మాత్రం ఒడ్డున లేవు. ఒడ్డు నుంచి సుమారు 5 కిలోమీటర్లు లోపలికి, సున్నపురాతి కొండ మొదట్లో ఉన్నాయి. మొత్తం 30 దాకా ఉన్నాయి. ఒక్కొక్కటి దాదాపు 3 మీటర్ల వెడల్పు, రెండున్నర మీటర్ల ఎత్తు. పొడవు చాలావాటికి 15 నుంచి 20 మీటర్లు, కొన్నిటికి 30 మీటర్లు దాటుతుంది. అంటే మన తరగతి గదులు రెండు మూడు వరసగా కలిపినంత పొడవు. కొండలో అవి దువ్వెన పళ్లలాగా పక్కపక్కనే ఉన్నాయి. లోపల చెక్క ముక్కలు, తాళ్లు, తెడ్ల భాగాలు, నీళ్లు నింపుకునే పెద్ద కుండలు దొరికాయి. ఆ కుండలు అక్కడే ఆవం పెట్టి కాల్చినవి. వాటి మీద ఎర్ర సిరాతో పనివాళ్ల జట్ల పేర్లు ఉన్నాయి.

తలుపు సంగతి ఇంకా ఆశ్చర్యం. పడవ ముక్కలు లోపల పెట్టాక గుహ ముందు భాగాన్ని టన్నుల బరువున్న సున్నపురాళ్లతో మూసేసేవారు. ఆ రాళ్లను ఈడ్చుకొచ్చి మూతలాగా బిగించడానికి ముందుగానే ఏటవాలు దారి కట్టి ఉంచారు. కొన్ని రాళ్ల మీద ఖూఫూ రాజు పేరు ఎర్ర రంగుతో రాసి ఉంది. ఇది రాజుగారి సొత్తు, ఎవరూ ముట్టుకోవద్దు అని ముద్ర వేసినట్టన్నమాట.

గుహ లోపల ఎండ పడదు, గాలి తక్కువ, పగటి వేడికీ రాత్రి చలికీ తేడా తక్కువ. చెక్క పగలడానికి అసలు కారణం ఎండటం, తడవటం, మళ్లీ ఎండటం. కొండ లోపల ఆ మార్పులు ఉండవు. ఏ యంత్రమూ లేకుండా, మనం సామాన్లు చల్లటి చీకటి గదిలో పెట్టినట్టే వాళ్లు పడవలు పెట్టారు.

విప్పడానికి వీలుగా కట్టిన పడవ

మూడు మీటర్ల వెడల్పు గుహలో పెద్ద పడవ పట్టదు. అందుకే ముక్కలుగా విప్పాలి. మేకులు కొట్టిన పడవని అన్నిసార్లు విప్పితే పలకలు పాడైపోతాయి. ఈజిప్టువాళ్ల పడవల్లో పలకకీ పలకకీ మధ్య గాడి చేసి, అందులో చిన్న చెక్క నాలుక దూర్చి కలిపేవారు. కొన్ని పడవల్లో దానికి తోడు రంధ్రాల గుండా తాడు వేసి కుట్టేవారు. తాడు విప్పి నాలుకలు తీస్తే పడవ మళ్లీ పలకల కట్ట అయిపోతుంది.

తాడుతో కుట్టిన పడవ అంటే మన వైపు పెద్దవాళ్లకి కొత్త కాదు. కోరమాండల్ తీరంలో మసూలా పడవలు ఇట్లాంటివే. పలకలను కొబ్బరి పీచు తాడుతో కుట్టేవారు, మేకు ఒక్కటి కూడా ఉండేది కాదు. అలల దెబ్బకి మేకు బిగించిన పడవ విరిగితే, కుట్టు పడవ మాత్రం కొంచెం వంగి మళ్లీ నిలబడుతుంది. మద్రాసులో ఓడరేవు కట్టకముందు పెద్ద ఓడల నుంచి మనుషులనీ సరుకునీ ఒడ్డుకి చేర్చినవి ఈ మసూలా పడవలే. ఈజిప్టువాళ్ల దగ్గర మనవాళ్లు నేర్చుకున్నారని గానీ, మన దగ్గర వాళ్లు నేర్చుకున్నారని గానీ నేను చెప్పడం లేదు. ఒకే రకం ఇబ్బంది వస్తే వేరు వేరు చోట్ల పనివాళ్లు ఒకే రకం ఉపాయం కనిపెడతారని మాత్రం చెప్పొచ్చు.

తాళ్ల గుహ

వాడీ అల్ జర్ఫ్ రేవును ఖూఫూ తరవాత కొద్దికాలానికే వదిలేశారు. కానీ గుహలో పడవ దాచే పద్ధతి మాత్రం పోలేదు. ఉత్తరాన, రాజధాని మెంఫిస్‌కి దగ్గరగా ఉన్న ఐన్ సుఖ్నా దగ్గర ఇలాంటివే మరికొన్ని గుహలున్నాయి. వాటిలో రెండిట్లో, విప్పి వరసగా పేర్చిన పడవ పలకలు కాలిపోయిన స్థితిలో దొరికాయి. బొగ్గయిపోయినా వాటిని ఎట్లా పేర్చారో తెలుస్తోందట.

ఇంకా దక్షిణాన మెర్సా గవాసిస్ ఉంది. ఇది ఖూఫూ కాలానికి సుమారు 700 ఏళ్ల తరవాతిది. పుంట్ అనే దూరదేశం నుంచి సాంబ్రాణి లాంటివి తెచ్చే ఓడలకి ఇది రేవు. 1970ల్లో అలెగ్జాండ్రియా విశ్వవిద్యాలయం ఆచార్యుడు అబ్దెల్ మొనెమ్ సయ్యద్ ఇక్కడ తవ్వి శాసనాలు కనుక్కున్నారు. కాప్టోస్ అనే నైలు పట్టణంలో కట్టిన ఓడలను మూడు వేలకు పైగా మనుషులతో సముద్రానికి చేర్చారని ఒక శాసనంలో ఉంది. తరవాత 2004 చివర్లో కాథ్రిన్ బార్డ్, రొడోల్ఫో ఫత్తోవిచ్ బృందానికి ఇక్కడ గుహలు దొరికాయి. వాటిలో ఒకదాన్ని తాళ్ల గుహ అనొచ్చు. ఓడ తాళ్లు చుట్టలు చుట్టలుగా, ముళ్లు కూడా చెదరకుండా, నావికులు ఎట్లా పెట్టి వెళ్లారో అట్లాగే ఉన్నాయి. దాదాపు 3,800 ఏళ్లపాటు ఆ తాళ్లు తమ యజమానుల కోసం కాచుకుని ఉన్నాయి.

అక్కడి పలకల మీద సముద్రపు పురుగు తొలిచిన రంధ్రాలున్నాయి. పురుగు పట్టిన భాగం చెక్కేసి, బాగున్న చెక్కను దాచుకునేవారు. చెడిపోయిన పలకలను గుహ గుమ్మానికీ దారికీ వాడుకున్నారు. ఏదీ పారేయలేదు. ఆ పలకల కొలతలు, పాత బొమ్మలు ఆధారంగా షెరిల్ వార్డ్ అనే పరిశోధకురాలి ఆధ్వర్యంలో 20 మీటర్ల ఓడ ఒకటి కట్టి 2008లో ఎర్ర సముద్రంలో నడిపి చూశారు. అది చక్కగా నడిచింది. ఈజిప్టువాళ్ల పడవలు నది దాటి సముద్రంలో పనికిరావని కొందరికి ఉన్న అనుమానం దాంతో తీరింది.

మెరెర్ చిట్టా

ఇప్పుడు అసలు సంగతి. 2013లో వాడీ అల్ జర్ఫ్ గుహల గుమ్మాల్లో, మూసిన రాళ్ల సందుల్లో, పపైరస్ కాగితాల ముక్కలు వందల కొద్దీ దొరికాయి. పపైరస్ అంటే నీటి రెల్లుతో చేసిన కాగితం. రాత ఉన్న పపైరస్‌లలో ప్రపంచంలో ఇప్పటిదాకా దొరికిన వాటిలో ఇవే అతి పాతవి. పదమూడో పశుగణన తరవాతి ఏడాది అని వాటిలో కాలం రాసి ఉంది. ఆ లెక్కలు రెండేళ్లకి ఒకసారి జరిగేవి కాబట్టి, ఇది ఖూఫూ పాలనలో 26 లేక 27వ ఏడు అని పండితులు లెక్క కట్టారు.

వీటిలో ఒకటి మెరెర్ అనే మేస్త్రీ చిట్టా. అతని కింద సుమారు 40 మంది పడవ పనివాళ్లు ఉండేవారని పరిశోధకుల అంచనా. పైన నెల పేరు, కింద రోజుకొక గడి. ఏ రోజు ఏం పని జరిగిందో ఆ గడిలో క్లుప్తంగా ఉంటుంది. ఫలానా రోజు తూరా గనిలో రాళ్లు ఎక్కించాం, ఫలానా రోజు బయలుదేరాం, రాత్రి ఎక్కడ ఆగాం, మర్నాడు పిరమిడ్ దగ్గరికి చేరాం అన్న ధోరణిలో. నైలు అవతలి ఒడ్డున తూరా గనుల్లోని తెల్లటి సున్నపురాయి పిరమిడ్ పైపూతకి వాడినది. వరద నెలల్లో నీళ్లు పిరమిడ్ దాపుకి వచ్చినప్పుడు, కాలవల మీదుగా పడవలు రాళ్లను మోసేవి. పది రోజుల్లో రెండు మూడు తిరుగుళ్లు జరిగేవి. రాజుగారి సవతి తమ్ముడు అంఖ్‌హాఫ్ ఈ పనుల మీద అధికారిగా ఉన్నాడని కూడా అందులో ఉంది.

ఇంకో రకం కాగితాల్లో తిండి లెక్కలున్నాయి. జట్టుకి రావలసినది ఎంత, వచ్చినది ఎంత, ఇంకా బాకీ ఎంత అని గడులు గీసి రాశారు. మన కిరాణా కొట్టు పద్దు పుస్తకం చూసినవాళ్లకి ఈ పద్ధతి వెంటనే అర్థమవుతుంది. రొట్టె ఎంత వచ్చిందో, ఎంత రావాలో లెక్క అడిగిన పనివాళ్లు వాళ్లు. పిరమిడ్‌ని కొరడా దెబ్బలు తిన్న బానిసలు కట్టారని సినిమాల్లో చూపిస్తారు. గిజాలో 1990 నుంచి బయటపడిన పనివాళ్ల సమాధులూ, వాళ్ల ఊరి ఆనవాళ్లూ ఆ మాట నిజం కాదని ముందే చూపించాయి. మెరెర్ కాగితాలు దానికి రాతపూర్వకమైన ఆధారం.

మరి పిరమిడ్ చిట్టా అంత దూరంలోని పడవల గుహల దగ్గరికి ఎందుకొచ్చింది? ఎందుకంటే వరద నెలల్లో నైలు మీద రాళ్లు మోసిన జట్టే ఆ తరవాత ఎర్ర సముద్రం పనికి వచ్చింది. మేస్త్రీ తన పద్దులు తనతోనే తెచ్చుకున్నాడు. గుహలు మూసేటప్పుడు ఆ కాగితాలు రాళ్ల మధ్య పడి కప్పడిపోయాయి. వానలు దాదాపు లేని ఆ ఎడారి వాటిని ఇన్నేళ్లు కాపాడింది.

రెండు రకాల దాపరికం

ఖూఫూ రాజు పేరుతో భూమిలో దాచిన పడవ ఇంకొకటి ఉంది. అదే అందరికీ తెలిసిన పడవ. 1954లో మహా పిరమిడ్ పక్కన, 41 పెద్ద రాళ్లు కప్పిన గోతిలో కమాల్ ఎల్ మల్లాఖ్‌కి దొరికింది. 1,224 ముక్కలుగా విప్పి పేర్చిన దేవదారు పడవ అది. హజ్ అహ్మద్ యూసుఫ్ అనే నిపుణుడు పదేళ్లకు పైగా కష్టపడి దాన్ని మళ్లీ నిలబెట్టాడు. పలకల మీద పాత వడ్రంగులు పెట్టిన గుర్తులు అతనికి దారి చూపించాయి. 43 మీటర్ల పొడవున్న ఆ పడవను 2021లో గ్రాండ్ ఈజిప్షియన్ మ్యూజియానికి తరలించారు.

రెండు చోట్లా పడవను విప్పారు, ముక్కలు పేర్చారు, రాయితో మూశారు. చేతులూ ఒకటే, విద్యా ఒకటే. కానీ పిరమిడ్ పక్కన దాచిన పడవ చనిపోయిన రాజు కోసం. దాన్ని మళ్లీ ఎవరూ తీయకూడదు. వాడీ అల్ జర్ఫ్‌లో దాచినవి బతికున్నవాళ్ల పని కోసం. వాటిని మళ్లీ తీసి బిగించి నీళ్లలోకి దించాలి. మొదటిదాన్ని చూడటానికి లోకమంతా వస్తుంది. రెండో రకానివి పనిచేసి పనిచేసి అరిగిపోయాయి. వాటిలో మనకి మిగిలినవి చెక్క పేళ్లు, తాడు ముక్కలు, లంగరులు, ఒక మేస్త్రీ చిట్టా. అయినా రాళ్లు ఎట్లా వచ్చాయి, ఎవరు తెచ్చారు, ఏం తిన్నారు అన్న ప్రశ్నలకి జవాబు చెప్పినవి ఈ రెండో చోటి వస్తువులే.

చరిత్ర అంటే రాజుల పేర్లు, యుద్ధాల తేదీలు అని మనలో చాలామంది అనుకుంటాం, పరీక్ష కోసం అవే బట్టీ పడతాం. ఈ గుహల సంగతి చదివితే వేరే మాట తోస్తుంది. పని అయిపోయాక సామాను జాగ్రత్తగా దాచుకున్నవాడు, లెక్క రాసి పెట్టుకున్నవాడు తెలియకుండానే చరిత్రకారుడు అవుతాడు. మన తీరంలో మసూలా పడవలు కుట్టిన చేతులు ఇప్పుడు చాలా తగ్గిపోయాయి. ఏ కుట్టుకి ఏ పేరు, ఏ కాలంలో ఏ నూనె పూసేవారు, పడవను ఏ దిక్కుకి తిప్పి ఒడ్డున పెట్టేవారు అన్నవి చాలావరకు కాగితం మీద లేవు, పెద్దవాళ్ల నోట్లో ఉన్నాయి. వాళ్లకి చిట్టా రాసిపెట్టిన మెరెర్ లేడు, వాళ్ల మాటలు దాచడానికి ఎడారి కొండా లేదు. సెలవుల్లో తాత దగ్గరో, పక్కింటి మేస్త్రీ దగ్గరో కూర్చుని ఒక నోటు పుస్తకంలో ఆ మాటలు రాసి, తేదీ వేసి పెడితే చాలు. మెరెర్ చేసింది కూడా అంతకంటే ఎక్కువేమీ కాదు.